ఆయనకు చెక్క నేల కావాలి, నాకు టైల్స్ కావాలి

కోనసీమలోని ఒక పల్లె నుంచి ఒక ఉపాధ్యాయురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. సారాంశం ఇది.

పాత పెంకుటిల్లు తీసేసి అదే స్థలంలో రెండంతస్తుల ఇల్లు కడుతున్నారు. చుట్టూ కొబ్బరితోట. ప్లాస్టరింగ్ అయిపోయింది, ఫ్లోరింగ్ దగ్గర పని ఆగింది. భర్త కొన్నేళ్లు న్యూజెర్సీలో ఉద్యోగం చేశారు. తల్లికి మోకాలి ఆపరేషన్ అయినప్పుడు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇప్పుడు ఇంటి నుంచే పని. అక్కడ అద్దెకున్న ఇంట్లో చెక్క నేల ఉండేది. వాళ్ల బాబు పాకడం నేర్చుకున్నది దాని మీదే. ఇప్పుడీ కొత్త ఇంట్లో హాళ్లకీ పడకగదులకీ అంతటా చెక్కే వేయించాలని ఆయన పట్టుదల. "స్థలం నాన్నది, వాస్తు నాన్నది, వంటిల్లు నీది, పూజగది అమ్మది. ఈ ఇంట్లో నేను నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే" అన్నారట.

ఆవిడకు టైల్స్ కావాలి. బడికి వెళ్లే లోపు ఇల్లు తుడిచేది తనే. పనమ్మాయి వచ్చిన రోజు బకెట్టు నీళ్లతో కడిగినట్టే తుడుస్తుంది. మామగారు "తోటలో ఇల్లు, చెక్క వేస్తే చెదలకు విందు" అని కోడలి పక్షం చేరారు. డెబ్బై దాటిన అత్తగారు బంధువుల ఇంట్లో గ్లాసీ టైల్స్ మీద ఒకసారి జారారు కాబట్టి ఆవిడకు టైల్సంటేనే భయం. చదరపు అడుగుకు కూలీతో కలిపి టైల్స్‌కి 125 రూపాయలు, ఇంజినీర్డ్ వుడ్‌కి (ప్లై పొరల మీద అసలు చెక్క అతికించిన పలకలకి) 430 రూపాయలు చెప్పారట. రెండంతస్తులూ కలిపి చూస్తే వేయాల్సిన నేల 2,200 చదరపు అడుగులు. మాఘమాసంలో గృహప్రవేశం. ఇప్పుడు కార్తీకం. భార్యాభర్తల మధ్య మాటలు అవసరానికి మించి సాగడం లేదు. "ఏది వేయించమంటారు? ఆయన్ని ఎలా ఒప్పించాలి?" అని అడిగారు.

అమ్మా,

మీ రెండు ప్రశ్నల్లో రెండోది కాసేపు పక్కన పెడదాం. ఆయన్ని ఒప్పించాలనుకుంటూ మాట్లాడితే ఆయన చెప్పేది మీ చెవిన పడదు. ముందు నేల సంగతి చూద్దాం. అందులో ఇష్టాయిష్టాలతో సంబంధం లేని విషయాలు కొన్నున్నాయి, అవి తేలితే మీ ఇద్దరి మధ్య గొడవ ఎంత మిగిలిందో కనబడుతుంది.

న్యూజెర్సీలో మీ వారికి అంత హాయిగా అనిపించిన నేల ఎలా కట్టారో ఒకసారి ఊహించుకోండి. అక్కడి ఇళ్లు చాలావరకు చెక్క ఫ్రేమువే. నేల కింద చెక్క దూలాలు, వాటి మీద ప్లైవుడ్, దాని మీద మేకులతో కొట్టిన పలకలు. చాలాచోట్ల కింద బేస్‌మెంట్ గది, మట్టి కాదు. నడిస్తే నేల అడుగు కింద కొంచెం ఒదుగుతుంది. చలికాలమంతా హీటరు, వేసవిలో ఏసీ. గాలిలో తేమ ఒక హద్దులోనే ఉంటుంది. చాలా ఇళ్లలో చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేస్తారు, నేలను వాక్యూమ్ చేస్తారు, నీళ్లు పోయరు. ఆ పద్ధతిలో చెక్క నేల పాతికేళ్లకు పైగా నిలిచిందంటే ఆశ్చర్యం లేదు.

మీ ఇంట్లో అదే పలకను కాంక్రీటు మీద పరుస్తారు. కాంక్రీటు ఒదగదు. కాబట్టి మీ వారి పాదాలకు గుర్తున్న ఆ మెత్తదనం ఇక్కడ అంతగా రాదు. ఈ ఒక్క ముక్క ఆయనకు షాపువాళ్లెవరూ చెప్పి ఉండరు.

తర్వాత చెమ్మ. కోనసీమలో నీరు భూమికి ఎంత దగ్గరో నాకంటే మీకే తెలుసు. పాత ఇంటి గోడలకు కింది రెండు మూడడుగులు సున్నం ఊడిపోయి, ఉప్పు పూసి ఉండేది కదా, అదే చెమ్మ కొత్త ఇంటి నేల కిందా ఉంటుంది. ప్లింత్ (నేలమట్టం పైన లేచే పునాది భాగం) ఎత్తు లేపారు, అడుగున కాంక్రీటు పోశారు, అయినా కాంక్రీటు నీటిని పూర్తిగా ఆపే పదార్థం కాదు. చెక్క ఆ తేమను పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది. పొడవులో దాదాపు మారదు, వెడల్పులో మారుతుంది. అడుగుభాగం ఎక్కువ ఉబ్బితే ప్రతి పలకా అంచుల దగ్గర పైకి లేచి దోనెలా వంగుతుంది. వేసవిలో ఏసీ వేసి గది ఆరబెట్టినప్పుడు అదే పలక కుంచించుకుపోయి సందులు పడతాయి. ఇంజినీర్డ్ వుడ్‌లో పైన అసలు చెక్క రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు, కింద ప్లై పొరలు అడ్డంగా నిలువుగా అతికించి ఉంటాయి కాబట్టి ఈ కదలిక తగ్గుతుంది. తగ్గుతుందే గానీ పోదు.

మీకే ఒక చిన్న పరీక్ష చెబుతాను. కింది అంతస్తులో ఒక గదిలో, ఇంకో పరీక్ష పై అంతస్తులో, అడుగున్నర చదరం పాలిథిన్ కవరు నేల మీద పరిచి నాలుగంచులూ గాలి దూరకుండా టేపు అంటించండి. మర్నాడు తీసి చూడండి. కవరు లోపలి వైపు నీటిబొట్లు ఉన్నా, కింద కాంక్రీటు ముదురు రంగుకు తిరిగినా తేమ ఇంకా వస్తోందని లెక్క. ఇది మీ వారి చేతే చేయించండి. వాదనలో మీరు చెప్పిన మాటగా కాకుండా, తన కళ్లతో చూసిన సంగతిగా ఉంటుంది.

చెదల విషయంలో మీ మామగారి మాట నిజమే, కొబ్బరితోట మధ్య మరీ నిజం. అయితే చెక్క నేల వద్దనుకున్నా ఈ బెడద తప్పదు. మీ ద్వారబంధాలు, తలుపులు, వార్డ్‌రోబ్‌లు, బీరువాలోని కాగితాలు అన్నీ వాటికి ఆహారమే. మట్టిలోంచి గోడ సందుల వెంట మట్టి గొట్టాలు కట్టుకుంటూ వస్తాయి. పునాది దశలో చెదల మందు కొట్టించారో లేదో మీరు రాయలేదు. కొట్టించకపోతే ఫ్లోరింగ్ పడక ముందే చేయించుకోవాలి. గోడ, నేల కలిసేచోట అడుగు అడుగుకీ సన్నటి రంధ్రాలు వేసి మందు ఎక్కించి మూసేస్తారు. దీనికి ఐ.ఎస్. 6313 అనే భారతీయ ప్రమాణం ఉంది, దాని ప్రకారం చేయమని అడగండి. టైల్స్ పడ్డాక చేయించాలంటే ఆ రంధ్రాలు మీ కొత్త టైల్స్‌లోంచే వేయాలి.

ఇక నీళ్లు. పండగకి ఇల్లు కడుగుతాం. ఫిల్టరు పొంగుతుంది, ఏసీ పైపు కారుతుంది, పిల్లాడు స్నానాల గదిలోంచి తడికాళ్లతో పరిగెత్తుకొస్తాడు. గ్యాస్ బండను అంచు మీద తిప్పుకుంటూ వంటింట్లోకి తీసుకెళ్లే అబ్బాయి కింద నేల ఏమిటో చూడడు, దాని ఇనుప చక్రం చెక్క మీద అర్ధచంద్రంలా గీసుకుపోతుంది. చెక్క నేలకు గట్టిగా పిండిన గుడ్డ చాలు, బకెట్టు నీళ్లు పనికిరావు. అంటే మీ వారు చెక్క కావాలన్నప్పుడు, మీరూ పనమ్మాయీ రోజూ చేసే పని మారాలని కూడా అడుగుతున్నారు. బహుశా ఆయనకు ఆ సంగతి తట్టి ఉండదు. కోపంగా కాక ఇలా నిదానంగా చెబితే అర్థం చేసుకోలేని మనిషిలా మీ ఉత్తరంలో కనబడలేదు.

ఇవన్నీ కలిపి చూస్తే కింది అంతస్తులో చెక్క వద్దనే నా అభిప్రాయం. ఇందులో నాకు సందేహం లేదు. అన్ని గదులకూ చెక్క వేస్తే మీ లెక్కల ప్రకారమే 9 లక్షల 46 వేలవుతుంది. టైల్స్‌కైతే 2 లక్షల 75 వేలు. ఆ తేడా పోసి, కింద గదుల్లో అయిదారేళ్లకే పలకలు లేస్తే అప్పుడు ఇంట్లో వచ్చే మాటలు ఇప్పటికంటే బాధగా ఉంటాయి.

అలాగని టైల్స్ వేస్తే చాలు, అన్నీ సర్దుకుంటాయని నమ్మకండి. మీ అత్తగారి భయం ఊరికే వచ్చింది కాదు. అద్దంలా మెరిసే టైలు మీద రెండు చుక్కల నీళ్లు పడితే వయసు వచ్చినవాళ్లకు గండమే. జారకుండా పట్టే గుణాన్ని ఆర్9 నుంచి ఆర్13 దాకా గుర్తిస్తారు, అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. హాలుకీ, ఆవిడ గదికీ ఆర్10 మ్యాట్ (మెరుపు లేనిది), స్నానాల గదికీ పెరటి వైపుకీ ఆర్11 అడగండి. మరీ గరుకుది తీసుకుంటే మురికి పట్టి తుడవలేక మీరు అవస్థ పడతారు. షాపులో టైలును గోడకు ఆనించి చూపిస్తారు, ఒప్పుకోకండి. రెండు టైల్స్ కింద పరిపించి, గ్లాసుడు నీళ్లు పోసి, చెప్పులు విడిచి దాని మీద నిలబడి పాదం అటూ ఇటూ జరిపి చూడండి. ఆ పక్కనే ఎవరినైనా పట్టుకుని నిలబడండి సుమా. మీ బోరు నీళ్లు కాస్త ఉప్పగా ఉంటే ముదురు రంగు గ్లాసీ టైలు ఆరిన ప్రతిసారీ తెల్లటి చారలు చూపిస్తుంది, ఆ రంగు జోలికి పోవద్దు.

చెక్క అయితే అత్తగారి మోకాళ్లకు మంచిదని మీ వారు అన్నారని రాశారు. కాంక్రీటుకు అతికించిన చెక్కకూ టైలుకూ మోకాలి దగ్గర పెద్ద తేడా ఉండదు. ఇంట్లో వేసుకునే మెత్తటి, వెనక పట్టీ ఉన్న చెప్పులు అంతకంటే ఎక్కువ మేలు చేస్తాయి. పాదాలకు చల్లగా తగలడం మాత్రం నిజం. రెండు నేలలూ ఉండేది ఒకే వేడిలోనే అయినా టైలు మన పాదంలోని వేడిని త్వరగా లాగేసుకుంటుంది, చెక్క లాగదు. మే నెల మధ్యాహ్నం కింద నడుం వాల్చేవాళ్లకు ఆ చల్లదనమే సుఖం. పుష్యమాసం తెల్లవారుజామున ఆవిడకు అదే ఇబ్బంది. మంచం పక్కన అడుగున రబ్బరు పట్టు ఉన్న తివాచీ ఒకటి వేయండి. ఆవిడ స్నానాల గదికి గుమ్మం ఎత్తు లేకుండా సన్నటి వాలు పెట్టించి, కమోడ్ పక్కన గోడకు పట్టుకునే కడ్డీ బిగించమనండి. పెద్దవాళ్లు తరచూ పడే చోట్లలో స్నానాల గది ఒకటి.

వేసే పద్ధతి గురించి కూడా ఒక మాట. విట్రిఫైడ్ టైలు, అంటే ఎక్కువ వేడిలో కాల్చి గాజులా గట్టిపరిచినది, నీటిని అర శాతానికి మించి పీల్చదు, అదే దాని బలం. కానీ నీటిని పీల్చదు కాబట్టే వట్టి సిమెంటు పాలు దాన్ని సరిగ్గా పట్టుకోవు. చాలాచోట్ల మేస్త్రీలు నాలుగు మూలలా, మధ్యలో ఒక్కో ముద్ద పెట్టి టైలు కూర్చోబెట్టేస్తారు. పైకి మట్టంగానే కనబడుతుంది, లోపల డొల్ల. రోకలి జారి పడిన రోజు సరిగ్గా ఆ డొల్ల మీదే పగులుతుంది. పళ్ల తాపీతో అడుగంతా పరిచే అడెసివ్ (టైలు అంటించే జిగురు) వాడించండి, బస్తా మీద ఐ.ఎస్. 15477 టైప్ 2 అని ఉండాలి. టైలుకీ టైలుకీ మధ్య కనీసం రెండు మిల్లీమీటర్ల స్పేసర్ (సందు కోసం పెట్టే ముక్క), గోడ వారగా స్కర్టింగ్ (గోడ అడుగున అంటించే పట్టీ) కింద దాగేంత ఖాళీ వదలాలి. ఆ ఖాళీ లేకుండా బిగించి వేస్తేనే ఒక ఎండాకాలం టైల్స్ ఢాం అని పైకి లేచేది. పని అయ్యాక రూపాయి బిళ్లతో ప్రతి టైలూ కొట్టి వినండి. డొల్ల మోత వస్తే అప్పుడే మార్పించండి, బిల్లు కట్టాక వద్దు.

ఇప్పుడు మీ వారి సంగతికి వద్దాం.

"నేను అడిగింది ఇదొక్కటే" అన్న మాట మీరు ఉత్తరంలో ఒకసారి రాసి వదిలేశారు. నేను అక్కడే చాలాసేపు ఆగిపోయాను. అమ్మకు బాగోలేదని ఉన్న జీవితాన్ని వదిలి వచ్చిన మనిషి ఆయన. వచ్చినందుకు బాధపడుతున్నట్టు మీరు ఎక్కడా రాయలేదు, పడకపోవచ్చు కూడా. కానీ ఆ ఇంటి నేల మీద మీ ముగ్గురూ గడిపిన రోజులంటే ఆయనకు ఇష్టం. అది చెప్పడం రాక చెక్క అంటున్నారేమో. మీరు చెదలు, చెమ్మ, ఖర్చు అని ఒక్కోటీ చెబుతుంటే అవన్నీ నిజాలే అయినా, ఆయనకు మాత్రం ఈ ఇంట్లో తనదంటూ ఏదీ ఉండకూడదన్నట్టు వినబడుతోంది. పైగా మామగారు మీ పక్షాన మాట్లాడుతున్నారు. మామగారిని సాక్షిగా నిలబెట్టడం మాత్రం ఆపేయండి. భార్యతో విభేదం ఎంతదైనా సర్దుకుంటుంది. తండ్రీ, భార్యా కలిసి తన మాట కొట్టేశారన్నది చాలాకాలం ఉండిపోతుంది.

ఒక సాయంత్రం పనివాళ్లు వెళ్లాక ఇద్దరే కొత్త ఇంట్లో కూర్చుని, "ఆ నేలలో మీకు అంతగా నచ్చిందేమిటండీ?" అని అడగండి. అడిగి ఊరుకోండి, మధ్యలో టైల్స్ మాట తేవద్దు. ఆయన చెప్పే జవాబును బట్టి మీ దారి మారుతుంది.

చూడ్డానికి బాగుంటుంది, ఆ రంగూ ఆ గీతలూ కావాలంటే, చెక్క డిజైన్‌లో పొడవాటి పలకల్లా వచ్చే విట్రిఫైడ్ టైల్స్ ఉన్నాయి. మ్యాట్‌లో దొరుకుతాయి, నీళ్లకు భయం లేదు, కింది హాలుకైనా వేసుకోవచ్చు. అయితే ఇది ఆయన ఎంచుకుంటేనే. మీరు ముందే కొనేసి "ఇదుగో, మీ చెక్కలాగే ఉంది" అన్నారంటే ఆయనకు అది నచ్చజెప్పినట్టు ఉంటుంది.

పాదానికి తగిలే తీరు, ఆ వెచ్చదనం అంటే టైలు ఆ లోటు తీర్చలేదు. అప్పుడు పై అంతస్తులో మీ పడకగదికీ ఆయన పనిచేసుకునే గదికీ అసలైన ఇంజినీర్డ్ వుడ్ వేయించే సంగతి ఆలోచించండి. పై శ్లాబుకు మట్టితో సంబంధం లేదు, వంటిల్లు లేదు, ఏసీ ఎలాగూ నడుస్తుంది. రెండు గదులూ కలిపి 340 చదరపు అడుగులు ఉంటాయని మీ కొలతలు చెబుతున్నాయి. ఒక లక్షా 46 వేలు, అదే టైల్స్ అయితే 42,500. సుమారు లక్ష రూపాయలు ఎక్కువ. ఇంటి మొత్తం ఖర్చులో ఒక మనిషి కోరికకు లక్ష అన్నది నాకు ఎక్కువనిపించడం లేదు. మీకు ఎక్కువనిపిస్తే ఆ మాట కూడా దాచకుండా అనండి. షరతులుంటాయి: ఆ గదుల్లో నీళ్ల గుడ్డ లేదు, బాల్కనీ తలుపు దగ్గర వాన జల్లు పడకుండా సన్‌షేడ్ ఉండాలి, స్నానాల గది గుమ్మం దగ్గర రాతి పట్టీ ఉండాలి, తుడిచే పూచీ ఆయనదే. ఎన్నేళ్లు జాగ్రత్తపడినా గీతలు పడతాయి. పై పొర దళసరిగా ఉంటే ఒకటి రెండుసార్లు చెక్కి పాలిష్ పెట్టించుకోవచ్చు.

ఆ 430 రూపాయల సరుకు ఏమిటో కూడా చూడండి. షాపుల్లో లామినేట్‌ను కూడా వుడెన్ ఫ్లోరింగ్ అనే అమ్ముతారు. పలకను అడ్డంగా కోసిన ముక్క అడిగి అంచు చూడండి. పైన కాస్త మందంగా అసలు చెక్క, కింద ప్లై పొరలు కనబడాలి. అట్టముక్కలా గోధుమరంగు పొడి నొక్కినట్టుంటే లామినేట్, దాని అతుకుల్లోకి నీళ్లు దిగితే ఉబ్బినది మళ్లీ మామూలు కాదు. ఎస్.పి.సి. అని మరొకటి చూపిస్తారు, రాతిపొడీ ప్లాస్టిక్కూ కలిపి చేసేది. నీళ్లకూ చెదలకూ తట్టుకుంటుంది. కానీ అది ప్లాస్టిక్కే. చెక్క కోసం తపించే మనిషికి అది ఇచ్చి ప్రయోజనం లేదు. వారంటీ కాగితంలో చెమ్మ, చెదలు మినహాయింపుల్లో ఉన్నాయేమో సంతకానికి ముందు చదవండి.

అన్నీ విన్నాక కూడా ఆయన ఇల్లంతా చెక్కే అంటే? అప్పుడు మీరు కాదనడంలో తప్పులేదు. ఆ నేలను రోజూ చూసుకోవాల్సింది మీరు, దాని మీద నడవాల్సింది మీ అత్తగారు. "పైన మీ ఇష్టం, కింద మాత్రం అమ్మ కోసం టైల్స్" అని సూటిగా చెప్పండి. ఆయన నొచ్చుకోవచ్చు. కొన్నాళ్లు ముభావంగా ఉండొచ్చు కూడా. ఇల్లంతా టైల్సే వేసేసి విషయం మూసేసినా పని త్వరగా అవుతుంది, డబ్బు మిగులుతుంది, ఆయన ఏమీ అనకుండా ఊరుకోవచ్చు. ఆ ఊరుకోవడాన్ని ఒప్పుకోలుగా లెక్కవేసుకోకండి.

పెరటి వసారాకు పాలిష్ లేని తాండూరు బండలు వేయించుకోండి. తడిలోనూ కాలు నిలుస్తుంది. సున్నపురాయి కాబట్టి చింతపండు, నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది, ఊరగాయ రోజుల్లో ఒక పట్టా పరుచుకుంటే సరి.

గృహప్రవేశం గురించి తొందరపడుతున్నారు. చెక్క గదులు ఆ రోజుకు సిద్ధంగా ఉండనక్కరలేదు. హోమం, పాలు పొంగించడం, భోజనాలు, వందమంది రాకపోకలు అన్నీ అయ్యాక పరిస్తేనే ఆ నేలకు మంచిది. ఈలోగా సిమెంటు ఆరడానికి దాదాపు మూడు నెలలు దొరుకుతుంది, రంగులు, పుట్టీల తడి కూడా పోతుంది. పరిచే ముందు పెట్టెలు కొన్ని రోజులు ఆ గదిలోనే ఉంచి గాలి అలవాటు చేయించాలి. పాలిథిన్ పరీక్ష అప్పుడు మరోసారి చేయండి.

ఆగనిది ఒక్కటే ఉంది, మట్టం. అడెసివ్‌తో కలిపి టైలు మందం, అడుగు పొరతో కలిపి చెక్క మందం ఒకటి కావు. పై గదుల్లో చెక్క వచ్చే అవకాశం కాస్తయినా ఉంటే, సిమెంటు మట్టం ఎక్కడ ఆపాలో మేస్త్రీకి ఇప్పుడే చెప్పాలి. లేకపోతే గది గుమ్మం దగ్గర అర అంగుళం మెట్టు మిగిలిపోతుంది, ఎప్పుడైనా పైకి వచ్చిన మీ అత్తగారి కాలు దానికే తగులుతుంది. రెండు సరుకుల నమూనా ముక్కలూ తెచ్చి మేస్త్రీ చేతికిచ్చి కొలిపించండి. ఆ పని ఈ వారంలోనే కానివ్వండి, వీలైతే మీ వారిని వెంటబెట్టుకుని.